ముగ్గురని ఎక్కడుంది?

షాంగ్ టీచర్ గారికి, ప్రభువు మీ గడపను కాయాలని కోరుతూ ఎన్‌హుయ్ తండ్రి రాస్తున్న ఉత్తరం.

ఆదివారం ఉదయం మీ ఇంగ్లీషు పఠనాభ్యాసానికి అమ్మాయిని పంపనని కిందటి నెల మీ మీద గర్జించాను. కాలేజీ ప్రవేశానికి రాసే గావ్‌కావ్ పరీక్ష కన్నా ఆరాధన గొప్పదన్నాను. ఆ మాట ఇప్పటికీ అంటాను.

అయితే మొన్న నేను నడిపే ఆరాధనలో, బాల యేసును చూడవచ్చిన ముగ్గురు జ్ఞానుల గురించి బల్ల గుద్ది చెబుతుంటే ఎన్‌హుయ్ లేచింది.

"నాన్నా, ముగ్గురని ఏ వచనంలో ఉంది?"

"కూర్చోవే! వాక్యం చెప్పే తండ్రినే నిలదీస్తావా?" అంది మా అమ్మ.

"మనకు తెలిసింది కాదు నానమ్మా, పేజీలో ఉన్నదే జవాబు. ఆ లైను కింద పెన్సిలుతో గీత గీయకపోతే మా టీచర్ మార్కు వెయ్యరు."

బైబిల్లో మత్తయి రెండో అధ్యాయం తెరిచాను. కానుకలు మూడున్నాయి, మనుషుల లెక్క లేదు. ఎవరి దగ్గరా చదువుకోకుండా వాక్యం సొంతంగా నేర్చుకున్న నేను, పద్దెనిమిదేళ్లుగా అక్కడ లేని మాటే చెబుతున్నాను! నలభై మంది ముందు తప్పు ఒప్పుకున్నాను. అయినా అమ్మాయిని చూసి ఆ రోజంత గర్వంగా నేనెప్పుడూ నిలబడలేదు.

మీరడిగినట్టే ఆదివారం ఉదయాలు అమ్మాయిని పంపుతాను. ఆరాధనను మధ్యాహ్నానికి మార్చాను. దాని పెన్సిలు ఎదురుగా లేకుండా వాక్యం చెప్పడానికి ఇక నాకు ధైర్యం చాలదు.