పాపాఘ్ని దండు పెద్దరికం

కువైట్,
శుక్రవారం మధ్యాహ్నం

అక్కకు,

తమ్ముడు ఓబులేసు దండాలు. నువ్వు, బావ, పిల్లలు అంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా ఒంట్లో బాగానే ఉంది. తిండికి లోటు లేదు, పనికి అసలే లోటు లేదు. ఈ మాటలు ముందే రాస్తున్నాను, ఎందుకంటే ఉత్తరం అందగానే నాకేదో అయిందని నువ్వు చివరి నుంచి పైకి చదవడం మొదలుపెడతావు. ఏమీ కాలేదు. కాలేదంటే, ఒకటి అయింది. అయింది గానీ అది ఏమైనట్టో నాకే తెలియడం లేదు. అందుకే ఫోను చేయకుండా కాగితం పట్టుకున్నాను. ఫోనులో అయితే పిల్లలు లాక్కుంటారు, బావ పక్కన నిలబడి ఏమంటున్నాడు ఏమంటున్నాడు అంటాడు, తిన్నావా అంటే తిన్నానా అనుకునే లోపలే కార్డు అయిపోతుంది.

ఇక్కడ ఎండలు ముదిరాయి. మన కమలాపురంలో ఎండకు చెట్టు కిందికి పోతే సరిపోతుంది, ఇక్కడ నీడలో కూడా గాలి పొయ్యి దగ్గర నిలబడినట్టే ఉంటుంది. మొన్న ఇసుక గాలి లేచి రెండు రోజులు కిటికీ తెరవలేదు. నేను మాత్రం కూరగాయల గోదాములో లెక్కలు రాసే పనే కాబట్టి ఏసీలోనే ఉంటాను, నువ్వు దిగులు పడొద్దు. మా మేనేజరు ఇంకో రెండేళ్లకు కాంట్రాక్టు రాసుకుంటావా అని అడుగుతున్నాడు. ఈ నెలాఖరుకల్లా చెప్పాలి. ఇంట్లో అడిగి చెబుతానన్నాను.

సరే, అసలు సంగతికి వస్తాను. నవ్వొద్దు. బావకు చదివి వినిపించొద్దు.

ఇంటర్నెట్‌లో ఒక ఆట ఉంది. చేరిన ప్రతివాడికీ ఒక ఊరు ఇస్తారు. ఆ ఊళ్లో పైరు పండించుకోవాలి, బంకమట్టి తవ్వుకోవాలి, ఇనుము తీసుకోవాలి, ఇళ్లు కట్టుకోవాలి. మనం పనికి పోయినా ఊరు దానంతటది పెరుగుతూనే ఉంటుంది. చిక్కంతా ఎక్కడంటే, చుట్టుపక్కల ఊళ్లన్నీ వేరేవాళ్లవి. ఎవడో ఏ దేశంలోనో కూర్చుని ఆడుతుంటాడు. మన ఊరు బలహీనంగా కనిపిస్తే సైన్యాన్ని పంపి గాదెలు ఊడ్చుకుపోతాడు. అందుకని నలుగురూ కలిసి దండు కట్టుకుంటారు. దండుకు ఒక పెద్ద ఉంటాడు. ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని తీసేయాలి, ఎవరి మీదికి పోవాలి అన్నీ అతని చేతిలోనే.

మా రూములో ఒక పాత కంప్యూటరు ఉంది. మస్తానన్న గురించి ఫోనులో చెప్పాను కదా, కడప పక్కన చెన్నూరు ఆయన, మా గోదాము వ్యాను నడుపుతాడు. నేను ఇక్కడ దిగిన రోజు ఎవరూ విమానాశ్రయానికి రాకపోతే, ముక్కూమొహం తెలియని నన్ను వ్యానులో ఎక్కించుకుని తన రూముకు తెచ్చి అన్నం పెట్టింది ఆయనే. ఆయనా నేనూ కలిసే ఈ ఆటలో చేరాం. నా ఊరికి కమలాపురం అని పేరు పెట్టాను, ఆయన తన ఊరికి చెన్నూరు అని పెట్టుకున్నాడు. పక్క రూముల్లో ఉన్న మనవాళ్లను కొందరిని కలుపుకుని దండు మొదలుపెట్టి, దానికి మన పాపాఘ్ని ఏటి పేరే పెట్టాం. తర్వాత ఆటలో మాకు ఇరుగుపొరుగైన వేరే దేశాలవాళ్లు కూడా కొట్లాట ఎందుకని వచ్చి చేరారు. పాపాఘ్ని అని పలకడం వాళ్ల వల్ల కాలేదు గానీ, పేరు మార్చమని ఎవరూ అడగలేదు.

దండు పెద్దను నేనే. నడపడం నాకు ఎక్కడొచ్చిందనుకుంటున్నావు? ఆత్మకూరులో మీ ఇంట్లో ఉండి డిగ్రీ చదివినన్నాళ్లూ మీ పొదుపు సంఘం మీటింగులు చూశాను కదా. వసారాలో చాప పరిచేది నేను, టీలు ఇచ్చేది నేను. నువ్వు చేసినట్టే చేశాను. రోజూ సాయంత్రం కంప్యూటరు ముందు కూర్చోగానే ఆట సంగతి ఎత్తకుండా ముందు అందరినీ బాగున్నారా, తిన్నారా అని పలకరిస్తాను. నేనేం తిన్నానో నీకెందుకు అని ఒకతను మొదట్లో అనుమానంగా అడిగాడు. తర్వాత తర్వాత అతనే తను తిన్నది రాసి, మీరేం తిన్నారు అని అడగడం మొదలుపెట్టాడు. ఇద్దరికి తగవు వస్తే ఒక్కొక్కరి మాట విడిగా విని తర్వాత కలిపి కూర్చోబెడతాను. పనయ్యాక నన్ను పలకరించేందుకు నలుగురున్నారని నాకు శానా ధైర్యంగా ఉండేది. చూశావా, ఉత్తరంలో కూడా శానా అని వచ్చేసింది.

అప్పుడు ఒక పెద్దాయన చేరాడు. పోలండ్ దేశంలో రైల్వేలో చేసి రిటైరయ్యాడట, మనవలు ఉన్నారట. చాలా మర్యాదస్తుడు. ఇంత పెద్దాయన దండులో ఉండగా నేను పెద్దనని కూర్చోవడం నాకు ఇబ్బందిగా అనిపించింది. నీకు తెలుసు కదా మన పద్ధతి. సంఘంలో ఏటా నువ్వు లేచి, "ఈసారి ఇంకెవరన్నా ఉండండమ్మా, నాకు చాతగాదు" అంటావు. "అట్లంటే ఎట్ల, నువ్వే ఉండాల" అని అందరూ అంటారు. నువ్వు మళ్లీ వద్దంటావు, వాళ్లు మళ్లీ నువ్వే అంటారు. చివరికి నువ్వే ఉంటావు, అందరికీ తృప్తిగా ఉంటుంది. సరిగ్గా అట్లాగే నేను ఆయనకు రాశాను. మీరు వయసులో పెద్దవారు, మీరుండగా నేనెంత, ఈ పెద్దరికం మీరే తీసుకోండి అని.

ఆయన వెంటనే జవాబు రాశాడు. చాలా సంతోషం, తీసుకుంటాను, ఎప్పుడు అప్పగిస్తావు అని.

అది చదివి ఇంకోసారి రాస్తే బాగుండునేమో, ఆయన ఇప్పుడన్నా వద్దంటాడేమో అని, నిజంగానే తీసుకుంటారా అని అడిగాను. నిజంగానే, నీ నమ్మకానికి ధన్యవాదాలు అన్నాడు. ఇక ఏం చేయను? అన్న మాట వెనక్కి తీసుకుంటే ఎంత తలవంపు. ఆటలో దానికొక మీట ఉంటుంది, నొక్కితే పెద్దరికం అవతలివాడికి పోతుంది, మళ్లీ వాళ్లు ఇస్తే తప్ప రాదు. నా చేత్తో నేనే నొక్కాను.

ఆయన చెడ్డవాడని అనలేను అక్కా, అదే నాకు వచ్చిన తిప్పలు. వచ్చీ రాగానే దండును ఒక దారిలో పెట్టాడు. ఎవరు ఎంత ధాన్యం పంపాలి, ఎవరు ఏ దిక్కు కాపలా కాయాలి, అన్నీ పద్ధతి ప్రకారం. నా హయాంలో తిన్నారా బాగున్నారా అనుకుంటూ కూర్చున్నాం, ఆయన హయాంలో గెలుస్తున్నాం. ఇప్పుడు ఎవరూ ఏం తిన్నారని అడగరు. ఆయన పెట్టిన రూల్స్‌లో ఒకటి, ఒక వారం ఎవరు కనబడకపోతే వాళ్లను తీసేయాలి అని.

మస్తానన్నకు ఈ మధ్య ఇరాక్ సరిహద్దు వైపు తోటలకు డ్యూటీ వేశారు. గురువారం సాయంత్రం వస్తాడు, శుక్రవారం ఉండి శనివారం పొద్దున పోతాడు. ఆ తోటల్లో కంప్యూటరు లేదు, పైగా ఒక వారం బండి చెడిపోయి రూముకు రాలేకపోయాడు. పెద్దాయన ఆయన్ను దండులోంచి తీసేశాడు. దండు అండ లేదని తెలియగానే చుట్టుపక్కలవాళ్లు చెన్నూరు మీద పడి గాదెలన్నీ ఊడ్చుకుపోయారు.

తర్వాతి గురువారం మస్తానన్న రూముకు వచ్చి చేతులు కూడా కడుక్కోకుండా కంప్యూటరు తెరిచాడు.

"చెన్నూరును దోచుకున్యారు గదప్పా" అన్నాడు. "నన్ను తీసేసింది నువ్వేనా?"

"నేను కాదన్నా, ఆ పెద్దాయన."

"ఆయన్ను పెద్దను చేసిందెవరు?"

మర్యాదకు అన్నానన్నా, ఆయన తీసుకుంటాడని అనుకోలేదు అన్నాను. మస్తానన్న తల ఊపి లేచి స్నానానికి పోయాడు. ఆ శుక్రవారమంతా ఒకే గిన్నెలో వండుకున్నాం, పక్కపక్కనే కూర్చుని తిన్నాం, ఉప్పు ఇటు ఇవ్వు అన్న మాట తప్ప ఇంకేం లేదు. కోప్పడినా బాగుండేది. ఆయన కోప్పడడు, అదే భయం నాకు. ఈ ఊళ్లో నాకు ఎవరున్నారు చెప్పు, ఆయన తప్ప.

పెద్దాయనకు రాశాను. మస్తానన్న మా దండు కట్టినవాళ్లలో మొదటివాడు, ఆయన్ను మళ్లీ చేర్చుకోండి అని. ఆయన మర్యాదగానే జవాబిచ్చాడు. ఒకరి కోసం రూల్ మారిస్తే మిగతావాళ్లు ఏమనుకుంటారు అన్నాడు. ఇంకోమాట అడిగాడు. పెద్దరికం నీ దగ్గరే ఉంచుకోవాలని ఉంటే నాకెందుకు ఇచ్చావు, నేను నిన్ను అడగలేదే అని. ఎన్నిసార్లు చదివినా ఆ మాటలో తప్పు కనబడలేదు. మా వైపు ఇట్లా అంటారు, మీరు వద్దనాలి, అప్పుడు నేను సరే అనాలి అని రాయబోయాను. ఇంగ్లీషులో రాసి చూసుకుంటే నాకే పిచ్చి మాటల్లాగా కనిపించి తుడిపేశాను. మరి మన దగ్గర అది ఎందుకు పిచ్చిగా ఉండదు?

ఇక ఈ రోజు సంగతి. పొద్దున మస్తానన్న బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేస్తున్నాడు. ఇక్కడ బొరుగులు దొరికే కొట్టు ఒకటి ఆయనే కనిపెట్టాడు. నేను నంజుకోవడానికి ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఈ శుక్రవారం కూడా ఉప్పు ఇటు ఇవ్వు దగ్గరే ఉన్నాం. ఉండబట్టలేక, "అన్నా, నా వల్ల నీకు ఇబ్బందిగా ఉంటే నేను వేరే రూముకు పోతాలే" అన్నాను.

మళ్లీ అదే పని చేశాను కదా అక్కా. నాకు పోవాలని లేదు. సరేలే పో అని ఆయనంటే నేను ఏం చేయాలి? ఆ పోలండ్ పెద్దాయన దగ్గర ఒకసారి దెబ్బ తిన్నవాణ్ణి, మళ్లీ నోటికి అదే మాట ఎట్లా వచ్చిందో.

మస్తానన్న గరిటె పక్కన పెట్టి నా వైపు చూశాడు.

"యాడికి పోతావు? నోర్మూసుకొని ఈడనే ఉండు. ఉగ్గాని చల్లారిపోతాండాది, తిను."

ఉల్లిపాయలు చేతిలో ఉన్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏడ్చానని తెలిసిపోయేది.

తిన్నాక నేను పాపాఘ్ని దండులోంచి బయటికి వచ్చేస్తానన్నాను. "నాకోసరం నువ్వు బయటికి రావద్దప్పా, నీ ఊరు కూడా పోతాది" అన్నాడు. ఇది నిజంగా అన్నాడా, మర్యాదకు అన్నాడా నాకు అర్థం కాలేదు. అడుగుదామంటే ఎట్లా అడుగుతాం? వచ్చేశాను. ఈపాటికి కమలాపురం మీదికి కూడా ఎవడో ఒకడు బయలుదేరి ఉంటాడు. మంచి పని చేశానో, తెలివితక్కువ పని చేశానో నువ్వే చెప్పాలి. మీ సంఘంలో ఎప్పుడన్నా ఎవరన్నా సరేనమ్మా నేను ఉంటాలే అని తీసేసుకున్నారా? అట్లా తీసుకుంటే నువ్వేం చేసేదానివి?

ఉగ్గాని తిన్నప్పటి నుంచి నాకు ఇంకొకటి గుర్తుకొస్తూ ఉంది. రాయాలా వద్దా అని ఇంతసేపూ అటూ ఇటూ పోయాను. మీ ఇంట్లో అందరం అన్నాలు తింటుండగా నేను కువైట్‌కు పోతానని మొదటిసారి చెప్పాను. బావ మంచిదే అన్నాడు. నువ్వు నాకు ఇంకొంచెం పప్పు వేసి, "చలికోటు కొనుక్కోవల్నేమో రా" అన్నావు. కమలాపురంలో నాయన కూడా ఆలోచించి మంచిదే అన్నాడు. అమ్మ ఊరగాయ పెట్టడం మొదలుపెట్టింది. అక్కా, నేను పోతానన్నది కూడా అట్లాంటి మాటే. ఎందుకురా, ఈడనే ఉండు అని ఎవరో ఒకరు అంటారని ఎదురుచూశాను. ఎవరూ అనకపోయేసరికి పోక తప్పలేదు. నేను మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. మీరు నా మాటనే నమ్మారు, ఆ పెద్దాయన నమ్మినట్టే.

మీ అత్తమ్మకు నమస్కారాలు చెప్పు, మోకాళ్ల నొప్పి ఎట్లా ఉందో అడిగానని చెప్పు. బావకు నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. నాయన శనగ పంట ఏమైందో రాయి, ఫోనులో అడిగితే ఉండాదిలే అంటాడు తప్ప ఏమీ చెప్పడు. ఎవరన్నా ఇటు వస్తుంటే కాసిన్ని చెనిక్కాయలు, చింతపండు పంపు, మస్తానన్న అన్నంలోకి ఊరిబిండి నూరుతానంటున్నాడు. పెద్దలందరి దీవెనలు నా మీద ఉండాలి.

మేనేజరుకు ఇంట్లో అడిగి చెబుతానన్నాను కదా, ఇదే అడగడం. ఈసారి నీ ఇష్టం, మీరెట్లా చెబితే అట్లా అని రాయను. అక్కా, నాకు ఇంటికి రావాలని ఉంది.

నీ తమ్ముడు,
ఓబులేసు