అయిదో నంబరు గాలపు కర్ర

కురుయేనో లోయ, ఫిబ్రవరి

ప్రియమైన సెవెరీనోకి,

ఇక్కడ మంచు ఇంకా కిటికీ అంచు దాకా ఉంది. పుంజులు క్షేమం. నిన్న వాటి ఈకలు పీకాను. ఒక్కొక్కటీ నావైపు చూసిన చూపు నువ్వు చూసి ఉంటే, నీకు ఆ స్విట్జర్లాండే నయమనిపించేది. ఈ చలికాలం కూడా ఆ హోటల్ వాళ్ళు నీ చేత గిన్నెలే తోమిస్తున్నారా? చేతులకి ఆలివ్ నూనె రాసుకో.

ఇప్పుడు అసలు సంగతి. నాన్నా నేనూ, ఈ లోయలో సగం మందీ ఈ పుంజుల ఈకల మీదే బతికాం. వాటితో ఈగల్లా కనబడేట్టు కట్టిన గాలపు ఎరలు ఎక్కడెక్కడి నదులకో పోతాయి. నేను మాత్రం ఒక్కసారి కూడా గాలపు కర్ర పట్టుకోలేదు. ఏటా వసంతంలో చేపల వేటకి నది తెరిచారో లేదో, ఆదివారం వస్తే చాలు నువ్వు తెల్లారకముందే పోతావు, చీకటి పడ్డాక వస్తావు. పెళ్ళయి పదకొండేళ్ళు. నాన్న పోయాక ఆదివారాలు నాకు తోడున్నది పుంజులే. కోపం రాలేదని చెప్పను. ఈ ఏడు నేనూ నీతో వస్తాను. ఉండేదే ఇద్దరం, ఉన్న ఒక్క సెలవురోజూ చెరోచోట ఎందుకు?

నాన్న కర్రలన్నీ తమ్ముడు పట్టుకుపోయాడు. కొత్తవాళ్ళకి సరిపడేవి, చవకలో, ఏమేం కొనాలో రాయి. కర్ర, దారం, రీలు, బూట్లు అన్నీ. నాకు ఓనమాలు కూడా రావు.

నీ
బెనీల్దే

*

ప్రియమైన బెనీకి,

నీ ఉత్తరం చదువుతూ ఒక పళ్ళెం పగలగొట్టాను. పెద్ద వంటాయన జర్మన్‌లో ఏదో తిట్టాడు. అర్థం కాలేదు కాబట్టి బాధ లేదు.

నదికి నువ్వా? అది మంచు కరిగి వచ్చే నీరు, ఎముకలు కొరికేస్తుంది. రాళ్ళు జారుడు. పైగా మన దగ్గర పట్టిన చేపని మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యాలని చట్టం. రోజంతా చలిలో నిలబడి ఉత్తచేతులతో ఇంటికి రావడం నీకు అవసరమా?

సరే, మొండికేస్తావని తెలుసు. అయిదో నంబరు కర్ర కొను. అయిదంటే అయిదు కిలోల చేపనైనా ఆపుతుందని. దారం ఏదైనా ఒకటే, అన్నిటికన్నా చవకది తీసుకో. డబ్బంతా రీలు మీద పెట్టు, చేపని లాగేది అదే. ఎరని దారం చివరే గట్టిగా ముడెయ్యి. బూట్లు మామూలు రబ్బరువి చాలు. అసలైతే ఈస్టర్‌కి నేను వచ్చేదాకా ఆగితే మంచిది.

ముద్దులతో
నీ సెవెరీనో

*

ప్రియమైన సెవెరీనోకి,

నాకు తల తిరిగిపోతోంది. నువ్వు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని బస్సెక్కి లెయోన్ పట్నం వెళ్ళాను. అక్కడ గాలాల కొట్టు నికానోర్, మన ఈకలు కొనేవాడే, ఆ కాగితం రెండుసార్లు చదివాడు.

"ఎవరమ్మా ఇది చెప్పింది?"

"మా ఆయన. పదకొండేళ్ళ నుంచీ చేపలు పడుతున్నాడు."

"దేంతో తల్లీ? రాళ్ళేసి కొడతాడా?"

కొట్లో ఉన్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. మా ఆయన పద్ధతి వేరు అని దబాయించాను. అప్పుడు జాలిపడి కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"అయిదంటే చేప బరువు కాదమ్మా, దారం బరువు. కర్ర మీద అయిదుంటే దారం మీదా అయిదే ఉండాలి. ఈ ఎర వట్టి ఈక, విసిరితే పోతుందా? బరువున్న దారాన్ని విసురుతాం, అది ఎరని మోసుకుపోతుంది. అంచేత నాలుగు డబ్బులుంటే దారం మీద పెట్టు. కర్ర ఎనిమిదిన్నర అడుగులది, చవకదే చాలు. రీలంటావా, మన కొండ ఏట్లో చేప జానెడుంటుంది, చేత్తోనే లాగేస్తాం. రీలు దారం చుట్టుకోడానికి, అంతే!"

"మరి ముడి?"

"ఆ లావు దారానికే ఎర కట్టావంటే చేప పక్క ఊరికి పారిపోతుంది. మధ్యలో సన్నటి నైలాన్ పోగు ఉండాలి. ఇక రబ్బరు బూట్లా? అవి వేసుకుంటే నువ్వు చేపల్ని పట్టడం కాదు, చేపలే నిన్ను పడతాయి. అడుగున మందపాటి ఉన్ని అట్ట ఉన్నవి తీసుకో, రాయి మీద జారవు."

ఒక్క ముక్కా నువ్వు చెప్పినదానితో కలవలేదు. నువ్వు నన్ను ఆటపట్టిస్తున్నావా, ఆయన ఆటపట్టిస్తున్నాడా? నాకేమీ అర్థం కావడం లేదు. నిజం రాయి.

నీ
బెనీల్దే

*

ప్రియమైన బెనీకి,

నికానోర్ వ్యాపారస్థుడు, అమ్ముకోవడానికి ఏదైనా చెబుతాడు. అంటే, ఆయన చెప్పింది తప్పని కాదు. నేను రీలు గురించి రాసింది దారం గురించి, దారం గురించి రాసింది రీలు గురించి. నిద్రమత్తులో తారుమారైంది. అయినా మన నదిలో పద్ధతి వేరు. కాగితం మీద చెప్పలేను.

నేను వచ్చేదాకా ఏమీ కొనకు. అటక మీద నా కర్ర దాచిన గొట్టం మాత్రం తెరవకు. తేమ తగిలితే పాడవుతుంది.

నీ సెవెరీనో

*

సెవెరీనోకి,

నదిలో నానే కర్రకి తేమేమిటయ్యా?

తెరిచాను. పిడికి కొత్తప్పుడు చుట్టిన ప్లాస్టిక్ కాగితం ఇంకా అలాగే ఉంది. దాన్ని నికానోర్ దగ్గరికి పట్టుకెళ్ళాను. ఈసారి నవ్వలేదు. "ఇది నీళ్ళు చూడలేదమ్మా" అని, నా మొహం చూడకుండా అన్నాడు.

చేప వాసన నీ ఒంటి మీద ఎప్పుడూ లేదు. పట్టినవి వదిలేస్తావు కదా, అందుకే లేదనుకున్నాను. భలే చట్టం దొరికింది నీకు. ఏ మొగుడైనా ఎక్కడికైనా పోయి, ఉత్తచేతులతో ఇంటికి రావచ్చు, అడిగే దిక్కు లేదు.

పదకొండేళ్ళ ఆదివారాలు ఎక్కడికి పోయావు? ఆమె ఎవరు? పేరు రాయి. రాయలేకపోతే ఈస్టర్‌కి రావద్దు, అక్కడే గిన్నెలు తోముకో. నికానోర్ చెప్పినవన్నీ కొనేశాను. నది తెరిచే రోజున నేను పోతున్నాను.

బెనీల్దే

*

బెనీ,

ఎవరూ లేరు. ప్రమాణంగా చెబుతున్నాను, ఏ ఆడదీ లేదు. ఎక్కడికి పోయానో నాలుగుసార్లు రాసి చింపేశాను. రాస్తే నన్ను చూసి నవ్వుతావు. నువ్వు నవ్వితే తట్టుకోలేను. నదికి ఒక్కదానివి పోకు.

సెవెరీనో

*

ప్రియమైన సెవెరీనోకి,

"ప్రియమైన" అని రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. రాశాను.

నిన్న నది తెరిచారు. కొత్త సరంజామా అంతా తగిలించుకుని పాత వంతెన దగ్గర దిగాను. మొదటి విసురు వెనకనున్న పొదలో పడింది. రెండోది నా టోపీకే గుచ్చుకుంది. నాన్న స్నేహితుడు ముసలి లిసార్దో పక్కనే ఉన్నాడు. చూసి చూసి ఉండబట్టలేక వచ్చి కొక్కెం తీశాడు.

"పర్లేదే పిల్లా, నీళ్ళలోకైతే దిగావు. మీ ఆయన్ని మొదటి ఆదివారమే, కర్ర గొట్టంలోంచి తియ్యకముందే, ఏరు ఎత్తుకుపోయింది. కాలరు పట్టుకుని లాగాం. ఒకటే వణుకు! మీ నాన్నకి చెప్పొద్దని మా అందరి చేతా ఒట్టేయించుకున్నాడు."

"తరవాత?"

"తరవాతేముంది? అదుగో, ఆ పైన బండ మీద కూర్చునేవాడు, పొద్దస్తమానం. చీకటి పడేవేళకి దిగొచ్చి, ఎవరికెన్ని పడ్డాయి, ఏ ఈకకి పడ్డాయి అని అడిగి బట్టీ పట్టేవాడు. ఇంటికెళితే మావగారు అడుగుతాడట. ఇక్కడందరికీ తెలుసు. నీకు తెలీదూ?"

నాకు తెలీదు. మన పెళ్ళికి ముందే మోకాళ్ళు పట్టేసి నదికి పోలేని నాన్న, ఆదివారం రాత్రుళ్ళు నీకోసం కాచుకు కూర్చునేవాడు. "ఇవాళ ఏ ఈకకి పైకి లేచాయి చేపలు, అల్లుడూ?" అని అడిగేవాడు. నువ్వు చెబుతుంటే ఆయన మొహం వెలిగిపోయేది. చేపలు పట్టడం రానివాడికి పిల్లనివ్వనని ఆయన నలుగురిలో అన్న మాట నేను వేళాకోళం అనుకున్నాను. మైదానాల నుంచి వచ్చినవాడివి, నువ్వు నిజమనుకున్నావు.

మరి ఆయన పోయి మూడేళ్ళయింది కదా, ఆ తరవాత కూడా ఎందుకు పోయావు? నాకు చెప్పలేకేనా? ఆ బండ ఎక్కి కాసేపు కూర్చున్నాను. గాలి కోసేస్తోంది. కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందో తెలీలేదు. ఇంట్లో నేనొక్కదాన్ని, ఇక్కడ నువ్వొక్కడివి. భయమేసింది బెనీ అని ఒక్క మాట అనుంటే పదకొండేళ్ళూ ఆదివారాలు కలిసి భోంచేసేవాళ్ళం. నేను నవ్వేదాన్నేమో. నవ్వి, వడ్డించేదాన్ని.

ఇప్పుడింకో చిక్కు వచ్చిపడింది. సాయంత్రం ఒక్క విసురు నేరుగా పోయింది. చేప లేచింది. జానెడే. తడిచేత్తో పట్టుకుని కొక్కెం తీశాను, ఒక్క క్షణం ఆగి వెళ్ళిపోయింది. చాలాసేపు నీళ్ళలోనే నిలబడిపోయాను. నీతో ఉండాలని కొన్నాను ఇవన్నీ. ఇక నువ్వు రాకపోయినా నేను నదికి పోతాను. ముందే చెబుతున్నాను, తరవాత ఏమీ అనకు.

ఈస్టర్‌కి రా. నీళ్ళలోకి దిగమని నేను అడగను, దిగుతానని నువ్వూ అనకు. ఆదివారం ఇద్దరం కలిసే బయల్దేరదాం. నువ్వు కూర్చో. ఆ బండ మీద కాదు, ఒడ్డునే, నేను తల తిప్పితే కనబడేంత దగ్గర.

నీ
బెనీల్దే