అయిదో ప్లాట్‌ఫారం సంచిది

విషయం: బస్సు కింద పడబోయిన పిల్లను పక్కకు లాగినందుకు, నన్ను పిల్లలనెత్తుకుపోయేదానిగా భావించి మెమో ఇచ్చుట గురించి.

అయ్యా,

డిపో మేనేజరైన తమ కింద పనిచేసే స్టేషన్ మేనేజరుగారు మంగళవారం నాకిచ్చిన మెమో దీనికి జతపరిచాను. "ప్రయాణికుల పిల్లను భయపెట్టి, బలవంతంగా పట్టుకొని ఏడిపించినందుకు" మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. లేకుంటే పనిలోంచి తీసేస్తారట. సంజాయిషీ ఇవ్వను. జరిగింది రాస్తాను.

1. నేను ఈ బస్టాండులో రెండేళ్లుగా ఊడుస్తున్నాను. ముఖానికి గుడ్డ, చేతిలో పొడుగు చీపురు, భుజాన నల్ల సంచి. ఈ మూడూ ఇక్కడ ఇచ్చినవే, నా సరదాకు తగిలించుకున్నవి కావు. వీటిని చూపించి తల్లిదండ్రులు పిల్లలను జడిపించుట ఆనవాయితీ అయినది. "అదిగో సంచిది వస్తోంది. నోరు మూస్తావా, పట్టుకుపొమ్మననా?" రోజుకు పదిసార్లు ఇదే పాట. ఒకాయనైతే నన్నే పిలిచి, "ఓ అమ్మాయ్, మావాడికేసి ఒకసారి కళ్లెర్రజెయ్యి" అన్నాడు. "నాకు జీతం ఊడవడానికండీ, జడిపించడానికి కాదు" అన్నాను. "అబ్బో, చీపురు పట్టినదానికి ఎంత పొగరో" అన్నాడు.

2. వీళ్ల దృష్టిలో క్రమశిక్షణ అనగా ఏమిటో నాకు బోధపడుట లేదు. టాయిలెట్టు పది అడుగుల్లో ఉండగా పిల్లవాడి చేత బెంచీ పక్కనే ఉచ్చ పోయిస్తారు. ఏమిటమ్మా ఇది అంటే, "చిన్నపిల్లాడు, వాడికేం తెలుసు?" తెలియనిది వాడికా? అదే పిల్లవాడు బస్సు హారన్ విని గెంతుతూ నవ్వితే వీపు మీద ఒక్కటి పడుతుంది. కంపు చేస్తే ముద్దు, నవ్వితే దెబ్బ. డైపర్లు, వాంతి కవర్లు కాలితో కుర్చీల కిందకు తోసి పోయేదీ వీళ్లే. నా సంచిలో ఉండేది అదే. వాసనకు ఎప్పుడో అలవాటుపడ్డాను, ఈ మనుషులకే పడలేకపోతున్నాను.

3. సోమవారం ఉదయం పదకొండు గంటలకు ఒక తల్లి తన నాలుగేళ్ల కూతురికి నన్ను చూపించి, "కదిలావంటే దాని సంచిలో వేసేస్తా" అని ఫోనులో పడింది. పిల్ల కదిలింది. పిల్లలు కదులుతారు. ప్లాట్‌ఫారం దిగి, బస్సు రివర్సు వస్తున్న చోటికి పోయింది. "పాపా, ఇటు రా!" అని అరిచాను. ఆ పిల్ల తలెత్తి నా సంచి చూసింది. చూసి, నా నుంచి తప్పించుకోవడానికి బస్సు వైపే పరుగెత్తింది.

అయ్యా, ఆ పిల్లకు బస్సు కంటే నేనే ఎక్కువ భయం. ఈ వాక్యం రెండుసార్లు చదవండి.

సంచి పారేసి, దూకి, జబ్బ పట్టి లాగాను. నా చెయ్యి కొరికింది. పళ్ల గుర్తులు విచారణలో చూపగలను. తల్లి వచ్చి ముందు పిల్లను కొట్టింది, తర్వాత "పిల్లలనెత్తుకుపోయేదానా!" అని నా మీద పడింది. చుట్టూ మూగినవాళ్లు నా జుట్టు పట్టుకున్నారు. డ్రైవరన్న దిగి చెప్పేదాకా వదల్లేదు.

4. మా సూపర్‌వైజరు, "నువ్వెందుకమ్మా ముట్టుకున్నావ్? డ్రైవరు చూసుకునేవాడుగా" అన్నాడు. "చూసుకునేవాడే అన్నా, చక్రం ఎక్కాక" అన్నాను. దాంతో మెమోలో ఇంకో వాక్యం పెరిగింది: "పైవారితో దురుసుగా మాట్లాడినది." అది నిజం. ఒప్పుకుంటున్నాను.

కావున మెమోను రాతపూర్వకంగా రద్దు చేయాలి. బస్సుల వేళలు చెప్పే మైకులోనే గంటకోసారి ఇదీ చెప్పించాలి: "ఊడ్చేవాళ్లను చూపి పిల్లలను భయపెట్టకండి. తప్పిపోతే వాళ్ల దగ్గరికే వెళ్లమని నేర్పండి." నాకిచ్చిన గడువే తమకూ ఇస్తున్నాను. శుక్రవారం సాయంత్రం అయిదు. దాటితే ఇక్కడ ఊడ్చే మేము పదకొండు మందిమి నిండు సంచులు తమ గది ముందు దించి ఇంటికి పోతాము. చిత్తగించి ఊరుకోవద్దు, చిత్తగించి సంతకం పెట్టండి.

ఇట్లు,
తమ విధేయురాలు (ఇలాగే రాయాలన్నారు కనుక రాశాను),
అయిదో ప్లాట్‌ఫారం ఊడ్చే మనిషి

తా.క.: లాగినప్పుడు ఊడిన ఆ పిల్ల ఎడమకాలి బూటు నా దగ్గర ఉండిపోయింది. కడిగి ఆరబెట్టాను. తల్లి ఫోను నంబరు ఆమె నా మీద ఇచ్చిన ఫిర్యాదు కాగితంలో ఉంటుంది. శుక్రవారం అయిదింటిలోపే వచ్చి తీసుకోమనండి. పిల్లను తప్పక వెంట తేవాలి. ముఖం మీద గుడ్డ తీసేసి, దాని ఎదుటే సంచి తిరగేసి దులుపుతాను. లోపల పిల్లలెవరూ లేరని అది తన కళ్లతో చూడాలి.