ఏసురాజు మెరుగుపెట్టిన మెట్లు

నంద్యాల జిల్లా బేతంచెర్లలో, రైల్వే స్టేషన్ వెనక వీధిలో కాపురముంటున్న కృపమణి అనే నేను, కీర్తిశేషులు ఏసురాజు భార్యను, యాభై తొమ్మిదేళ్ల వయసులో, ఎవరూ చెప్పకుండా, ఎవరికీ భయపడకుండా రాయించిన వీలునామా ఇది. నా పాత కాగితాలన్నిట్లో కర్నూలు జిల్లా అని ఉంటుంది. ఊరు కదల్లేదు, జిల్లా పేరే మారింది.

నా బుద్ధి స్థిమితంగా ఉన్నదని మొదట రాయాలని దస్తావేజులు రాసే మద్దిలేటి చెప్పాడు. ఉంది. కావలసినదానికన్నా ఎక్కువే స్థిమితంగా ఉంది. రెండేళ్ల కిందట లారీకి నాపబండలు ఎక్కిస్తుంటే దొంతర ఒరిగి మీదపడి నా భర్త పోయాడు. అప్పటినుంచి నా మనసు కదలడం లేదు. సమాధి దగ్గర ఏడుపు రాలేదు, నలభయ్యో దినం కూటంలో కూడా రాలేదు. "కృపమ్మ రాయి మాదిరి ఉండాది" అని ఆడవాళ్లు గుసగుసలాడటం విన్నాను. ఊరంతా రాయి మీదే అన్నం తింటూ రాయిని తిట్టుగా వాడటం ఏం న్యాయమో వాళ్లకే తెలియాలి.

వచ్చే వారం కర్నూలు పెద్దాసుపత్రిలో నాకు గుండె ఆపరేషన్. భయం లేదని డాక్టరు అన్నాడు. నాకూ లేదు. భయమైనా వస్తే బాగుండునని చూశాను, అదీ రాలేదు. కాబట్టి తేరుకుంటానో లేదో తెలియక ముందుగా ఈ ఏర్పాటు చేసుకుంటున్నాను.

1. నేనున్న ఇల్లు, ఖాళీ స్థలం, వేపచెట్టుతో సహా, నా ఒక్కగానొక్క కూతురు, కడపలో నర్సుగా చేస్తున్న స్తుతికి చెందాలి. హాలులో బండలు వాళ్ల నాయన పరిచినవి. పరిచాడు గానీ మెరుగు పెట్టలేదు, ఊరందరి బండలూ మెరిపించినవాడికి సొంతింటికి తీరిక దొరకలేదు. వాటి మీద టైల్స్ వేస్తే ఇల్లు దక్కదని రాయమన్నాను. "అట్ల రాస్తే కోర్టులో నగుతారు కృపమ్మా" అన్నాడు మద్దిలేటి. అందుకని ఊరికే చెబుతున్నాను. స్తుతీ, టైల్స్ వేయొద్దు.

2. నా అనలాగ్ సింథసైజర్, అంటే కరెంటుతో మోగే పాతకాలం వాయిద్యప్పెట్టె, దాని స్టాండు, దాని మీద కప్పే నా నీలం చీర, ఇవన్నీ స్తుతికే. మద్రాసులో ఒక రికార్డింగు స్టూడియో మూసేస్తుంటే, బండలు దింపి ఖాళీగా వస్తున్న లారీలో గడ్డి పరిచి ఏసురాజు దాన్ని తెచ్చాడు. అప్పటిదాకా నేను హార్మోనియం తప్ప ఎరగను. "దీనికి గాలి కొట్టే పనే లేదు కృపా, యేలు పెడితే సాలు" అన్నాడు. వేలు పెడితే చాలదని తర్వాత తెలిసింది. అది వేడెక్కేదాకా శ్రుతి నిలవదు, మే నెలలో అసలే నిలవదు. అయినా చర్చిలో ఏళ్ల తరబడి ఆరాధన పాటలన్నీ దాని మీదే వాయించాను. కొత్త కీబోర్డు వచ్చాక దీన్ని ఇంటికి పంపేశారు. కొత్తది తాళం కూడా అదే వేసుకుంటుంది. ఇక వాయించే మనిషి ఎందుకో నాకు అర్థం కాలేదు.

3. దాని మీద వేళ్లతో నొక్కే మెట్ల సంగతి విడిగా రాయాలి. తెల్లమెట్లు పాతబడి పసుపెక్కాయి. ఒక క్రిస్మస్ ముందు నేను కడపలో స్తుతి దగ్గర ఉండగా, ఏసురాజు వాటికి బండలకు పెట్టినట్టే మెరుగు పెట్టాడు. పాలిష్ ఫ్యాక్టరీలో ఆఖరి మెరుపుకు వాడే యాసిడ్ పొడి నీళ్లలో కలిపి, ఫెల్టు ముక్కతో గుండ్రంగా రుద్ది, చెంబులతో నీళ్లు పోసి కడిగాడు. నేను గడప దాటగానే చేయి పట్టుకుని లాక్కుపోయి "సూడు కృపా, మొగం కనపడతాండాది" అన్నాడు. బండపని వాళ్లలో అంతకు మించిన మెప్పు లేదు. నిజంగానే కనపడింది. స్విచ్చి వేస్తే సగం మెట్లు మోగలేదు.

ఒక్కో మెట్టు కింద వెంట్రుకలాంటి తీగ ఉంటుంది. మెట్టు నొక్కితే ఆ తీగ వంగి కడ్డీని తాకాలి, తాకితేనే స్వరం. యాసిడ్ నీళ్లు దిగి తీగలు చిలుమెక్కాయి. "ఓరి దేవుడా, ఇది బండనా, వాయిద్యమా!" అని నేను అరిస్తే ప్లాట్‌ఫారం మీద జనం తిరిగి చూసి ఉంటారు. ఆయన తల గోక్కుని "పైన బాగుండాది గదా" అన్నాడు. ఆ మాటకు నాకు నవ్వు ఆగలేదు.

4. నా మరిది యేసుప్రసాద్‌కు పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. ఆ యాసిడ్ డబ్బా ఇచ్చిన మహానుభావుడు ఆయనే. ఇప్పుడు సింథసైజర్‌ను బెంగళూరులో పాత వాయిద్యాలు పోగేసే ఒకాయనకు అమ్మమని వెంటపడుతున్నాడు. "గీతలు పడిన మెట్లు తీసి పారేసి కొత్తవి యేపిస్తాడంట వదినా, పెట్టెకు దశ తిరుగుతాది" అంటాడు. నేను లేకపోతే స్తుతి చెవిలో అదే ఊదుతాడు.

ఆ మెట్లను కిటికీ వెలుతురులో చూస్తే సన్నటి గుండ్రటి గీతలు కనపడతాయి. ఏసురాజు చేయి తిరిగిన గుర్తులవి. ఆయన మెరిపించిన బండలు లారీలెక్కి పోయాయి, ఎవరిళ్లలో ఉన్నాయో ఎవరికి తెలుసు. మాకు మిగిలినవి ఈ మెట్లే. కాబట్టి పెట్టెను అమ్మరాదు, మెట్లను మార్చరాదు, ఆ గీతలు పోయేలా వాటికి మళ్లీ మెరుగు పెట్టరాదు.

యేసుప్రసాద్‌కు మిగిలిన యాసిడ్ డబ్బా మూతతో సహా చెందాలి. కోపంతో రాయడం లేదు, నాకు కోపమూ రావడం లేదు. న్యాయంగా అది ఆయనదే.

5. పక్కింటి శివజ్యోతికి నా రెండు కోళ్లు, రోలు. ఏసురాజు పోయినప్పుడు రోజూ సంగటి తెచ్చి, తినమని ఒక్క మాటైనా అనకుండా నా ఎదుట కూర్చునేది. తినేదాకా లేచేది కాదు.

6. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత డోన్‌లో రేడియోలు బాగుచేసే నిస్సార్‌ది. సాక్షి సంతకం కూడా అతనే చేస్తాడు. సాక్షికి ఆస్తి రాస్తే చెల్లదట, అందుకని అతనికి ఏమీ రాయలేదు. తమ్ముడిలాంటివాడు, ఏమీ అనుకోడు.

ఏసురాజు పోయాక, శుక్రవారం శుక్రవారం నమాజు అయ్యాక బండెక్కి వచ్చి, మూగబోయిన మెట్లను బాగుచేసే పని నాకు నేర్పింది అతనే. మెట్లన్నీ విప్పాం. సందుల్లో బండల దుమ్ము పేరుకుని పిండిలా రాలింది. మెట్లను సబ్బునీళ్లలో ముంచి నీడలో ఆరబెట్టాలి, ఎండకు వంగుతాయి. తీగలను పాత బనియన్ గుడ్డకు స్పిరిట్ అద్ది తుడవాలి. గరుకు కాగితం తాకిస్తే పైపూత పోతుంది. నేను గట్టిగా పట్టినప్పుడల్లా "రుద్దొద్దక్కా, తుడువు. రుద్దేది బావ పని, తుడిచేది మన పని" అనేవాడు. ఒక్కొక్కటే మోగుతూ వచ్చాయి. సంతోషం కలగలేదు గానీ పొద్దు గడిచింది.

7. ఒక్క మెట్టు మిగిలింది. మధ్యలో తెల్లది, ఆదివారం మొదటి పాట ఎత్తుకునే స్వరం. "ఇదొక్కటి యాల ఇడిసినావక్కా?" అని నిస్సార్ అడిగితే స్పిరిట్ అయిపోయిందన్నాను. సీసా నిండా ఉంది. ఆ మెట్టు మోగితే పని అయిపోతుంది. ఆ తర్వాత ఏం చేయాలో నాకు తెలియదు.

కాబట్టి ఆ మెట్టును నా తదనంతరం స్తుతి తుడవాలి. ఎట్లా తుడవాలో వివరంగా రాయాలని మద్దిలేటి పట్టు. "సరిగ్గా సెప్పకుంటే ఆ పాప ఏం సేస్తాదమ్మా?" అన్నాడు. ముందు వెనక పట్టీ మరలు విప్పాలి. మెట్టు స్ప్రింగు కొక్కెం తప్పించాలి. ఆ కొక్కెం కుడివైపో ఎడమవైపో గుర్తు రావడం లేదు. చూసి వచ్చి చెబుతాను.

8. పై అంశం రద్దు. కొక్కెం ఎడమవైపు ఉంది.

చూడటానికే విప్పాను. విప్పితే తీగ మీద పచ్చటి చిలుము కనపడింది. కనపడ్డాక ఎట్లా వదిలిపెట్టేది? తుడిచాను. మెట్టును తిరిగి పెట్టబోతే దాంట్లో నా మొగం కనపడింది. ఆయన చెప్పినట్టే. స్విచ్చి వేసి నొక్కాను, మోగింది. ఏడుపు వచ్చింది. రెండేళ్లది ఒక్కసారే వచ్చింది. సంతకానికని వచ్చి కూర్చున్న నిస్సార్ స్విచ్చి ఆపబోతే వద్దని చేయి అడ్డం పెట్టాను. నొక్కిన వేలు చాలాసేపు తీయలేదు.

స్తుతికి ఇక తుడవడానికి ఏమీ మిగలలేదు. వాయించుకోవాలి.

ఆపరేషన్‌కు ఇప్పుడు భయంగా ఉంది. అదీ రాయమన్నాను.

పైన రాసినవన్నీ చదివించుకుని, విని, ఒప్పుకుని కింద సంతకం చేస్తున్నాను. ఏడుపు ఇంకా ఆగలేదు కనుక సంతకం వంకరగా వచ్చింది. రేపెవరైనా అది నాది కాదంటే, నాదేనని సాక్షులు చెప్పాలి.

బేతంచెర్ల, 14 నవంబరు 2025

(సంతకం) కృపమణి

సాక్షులు:
నిస్సార్, రేడియో మెకానిక్, డోన్. సంతకం అక్కదే, నేను సూస్తాండంగానే పెట్టింది.
మద్దిలేటి, దస్తావేజు లేఖరి, బేతంచెర్ల. నేనూ చూశాను.