మీ యాడి చేతులు ఎందుకు చల్లగా ఉన్నాయంటే

నెల్లికుదురు తండా,
నవంబరు 2011.

బేటీ విజయా,

జనగామ హాస్టల్లో నువ్వు క్షేమంగా ఉన్నావని తలుస్తూ మీ బాపు రాసేది. ఇక్కడ మీ యాడి, నేను, బర్రె అందరం బాగున్నాం. ఈ బాగున్నామనే మాట ప్రతి ఉత్తరంలో రాస్తాను కాని, ఈసారి సగమే నమ్ము. మిగతా సగం కింద రాస్తున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. బర్రె ఈనింది, పెయ్యదూడ. పత్తి మొదటి ఏరుడు అయింది. సమ్మె ముగిసి బస్సులు తిరుగుతున్నాయి, కాబట్టి నువ్వడిగిన నువ్వుల ఉండలు వచ్చే వారం అందుతాయి. మానుకోటలో తెలంగాణ కోసం రైలు పట్టాల మీద కూర్చున్న రోజు నాకు తగిలిన లాఠీ దెబ్బ మానిపోయింది. మీ యాడి ఇటుక వేడిచేసి కాపడం పెట్టింది. నాకు పెట్టినంతసేపూ తన చేతులు కూడా కాచుకుంది. మా బాపు లాఠీలకు ఎదురు నిలబడ్డాడని నర్సు ట్రైనింగులో అందరికీ చెప్పుకుంటున్నావట. చెప్పుకో. ఈ ఉత్తరం మాత్రం వాళ్లకు చదివి వినిపించకు.

ఇక నీ చివరి ప్రశ్న. యాడి చేతులు, కాళ్లు ఇంకా చల్లగానే ఉంటున్నాయా, గాజులు తియ్యనని ఇంకా మొండికేస్తోందా అని అడిగి, రెండు పేజీల నిండా తనను తిట్టావు. అదంతా నేనే చదివి వినిపించాను. తల వంచుకుని విని, "బిడ్డ సక్కగనే రాసింది" అంది. ఆ తిట్లు తనవి కావు బేటీ, నావి.

పోయిన ఎండాకాలం సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. ఊరంతా విసనకర్రలు పట్టుకుంటే మీ యాడి కాళ్లకు గోనెసంచి చుట్టుకుని పడుకునేది. ముట్టుకుంటే బోరింగు నీళ్లు ముట్టుకున్నట్టుండేది. ఒకటే అలసట, గొంతు కూడా బొంగురు పోయింది. దవాఖానకు తీసుకుపోతే నర్సమ్మ మీ యాడి చేతులు చూసి తల పట్టుకుంది. మణికట్టు నుంచి భుజం దాకా గాజులే కదా.

"బీపీ పట్టా ఏడ కట్టాలె? రక్తం ఏడికెళ్లి తియ్యాలె? జర ఇవి తియ్యిన్రి" అంది.

మోచేతి పైన బలియాలను మొగుడు బతికున్నంతకాలం మన ఆడవాళ్లు తియ్యరు. అయినా మీ యాడి నా వైపు తిరిగి "తీద్దామా?" అని మెల్లగా అడిగింది. నేను వద్దని తల ఊపాను. ఎందుకు తియ్యరని నర్సమ్మ గట్టిగా అడిగేసరికి, నేను నోరు విప్పకముందే మీ యాడి అందుకుని "నేనే తియ్యనమ్మా" అనేసింది. డాక్టరమ్మ కనురెప్పలు కిందికి లాగి చూసి, రక్తం తక్కువుంది, థైరాయిడ్ కూడా కావచ్చు, పరీక్ష చేస్తే గాని చెప్పలేనని బలం గోలీలిచ్చి పంపింది. వానాకాలంలో రెండోసారి పోయినా ఇదే జరిగింది. నలుగురిలో నా పరువు కాపాడటానికి మీ యాడి ఆడిన అబద్ధాన్నే నేను నీకు రాశాను.

ఎందుకు వద్దన్నానో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా బాపు మహదేవపూర్ వైపు కూలికి పోయాడు. ఒక రోజు నేను మేకలను తోలుకొచ్చేసరికి, వాకిట్లో ఆడవాళ్లు మా యాడిని కూర్చోబెట్టి బలియాలు తీస్తున్నారు. అన్నీ తీసేశాక గాని బాపు చనిపోయాడని నాకెవరూ చెప్పలేదు. వీళ్లు గాజులు తీశారు కాబట్టే మా బాపు చచ్చిపోయాడని అనుకున్నాను. పెద్దయ్యాక అది తప్పని తెలిసింది. తెలిసినా గుండె ఒప్పుకోలేదు. పోలీసులకు భయపడనివాణ్ణి పెళ్లాం గాజులకు భయపడ్డాను. ఫోన్లో ఈ మాట నోటికి రాలేదు, అందుకే రాస్తున్నాను. రాస్తుంటే సిగ్గుగానే ఉంది.

పోయిన సోమవారం మీ యాడి జొన్నరొట్టెలు చేస్తోంది. కమురు వాసన వస్తే రొట్టె మాడిందనుకుని తొంగిచూశాను. రొట్టె కాదు బేటీ, తన వేళ్లు. పెనం అంచుకు ఆనుకుని కాలుతున్నా తనకు తెలియడం లేదు. "గంగీ, చెయ్యి!" అని నేను అరిచాకే చూసుకుంది. ఆ వేళ్లను నీళ్లలో ముంచి పట్టుకుని నేను ఏడ్చేశాను.

"నువ్వు సల్లగుండాలెనని నేను ఊకున్న. ఇంకేం చెయ్యాలెనో నువ్వే చెప్పు" అంది మీ యాడి.

కోపంతో అన్న మాట కాదు. నిజంగానే అడిగింది. లేచి చెప్పులేసుకుని దవాఖానకు పోదాం పదమన్నాను.

అక్కడ నర్సమ్మ తీస్తానంటే వద్దని, కొబ్బరినూనె రాసి నేనే ఒక్కొక్కటి తీశాను. పెళ్లయిన నాటి నుంచి ఎండ తగలని చేతులు పాలిపోయి ఉన్నాయి, గాజుల అచ్చులు పడి ఉన్నాయి. ఒక్కో బలియా జారుతుంటే మీ యాడి నా మొహమే చూస్తోంది. ఆఖరిది తీశాక "పాణం ఎట్లున్నది?" అని అడిగింది.

"ఆకలైతాంది" అన్నాను. నర్సమ్మ పకపకా నవ్వింది.

రక్తం ఆరు గ్రాములే ఉందట. థైరాయిడ్ కూడా సరిగా పని చేయడం లేదట. "చేతులు సల్లగుంటే సలి అనుకుని ఊకుంటరా? ఇంకొన్ని దినాలైతే గుండెకు వస్తుండె" అని డాక్టరమ్మ నన్ను బాగా చీవాట్లు పెట్టింది. రోజూ పరగడుపున ఒక గోలీ, రక్తానికి వేరే మందులు రాసింది. ఒళ్లు వెచ్చబడడానికి రెండు మూడు నెలలు పడుతుందంది. గాజులు మళ్లీ తొడుగుతానంటే మీ యాడి "ఆగు, చేతులకు జర గాలి తగలనియ్యి" అంటోంది.

నువ్వు మీ యాడికి ఒక మంచి ఉత్తరం రాయి. నాకు పెట్టాల్సిన తిట్లన్నీ ఇంకో కాగితం మీద రాయి. రెండూ తనకు నేనే చదివి వినిపిస్తాను, ఒక్క మాట దాచను.

బయటికి ఎన్ని వేళాకోళాలు ఆడినా, మీ యాడికి లోపల బెంగగానే ఉంది. రోజూ పొద్దున కళ్లు తెరవగానే నా అంగీ కింద చెయ్యి పెట్టి, గుండె కొట్టుకుంటోందా లేదా అని చూస్తుంది. "ఉన్నవా?" అంటుంది. "ఉన్న" అంటాను. ఆ చెయ్యి ఇంకా చల్లగానే ఉంది బేటీ, తగలగానే ఒళ్లు జలదరిస్తుంది. దాని మీద నా చెయ్యి వేసి, కాస్త వెచ్చబడేదాకా నేను లేవడం లేదు.

ఇట్లు,
నీ ముందు మొదటిసారి తల దించుకున్న నీ బాపు,
రాంజీ