నీ కుర్చీ మీద రెండు తువ్వాళ్లు

ఏమయ్యా, ఎట్లా ఉన్నావు? నువ్వు పోయి ఎనిమిది నెలలు దాటింది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం... నువ్వు లేవన్న మాటే గానీ.

నల్లగొర్రె ఈసారి కవలల్ని ఈనింది. రెండూ పొట్టేళ్లే. వానలు సరిగా పడక మన బోరు మాత్రం మోటరు వేసిన కాసేపటికే గాలి కక్కుతోంది. నువ్వు ఇంటికి రాగానే మంద వాసన అని వాకిట్లోనే కాళ్లు కడుక్కోమని సతాయించేదాన్ని కదా? ఇప్పుడు ఆ వాసన నా చీరలకే వస్తోంది. జీవాల్ని నేనే తోలుకుపోతున్నాను.

సరే, ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది. నేనొక అబద్ధం ఆడాను. ఒకటి కాదు, రెండు. రెండూ నీ మీదే.

గుర్తుందా, కొమరోలులో బస్సు కోసం ఎదురుచూస్తూ టీ హోటల్లో టీవీ చూశాం? అమెరికాలో పెద్ద కోర్టు జడ్జి ఎవరో చనిపోయారని వార్త. ఆ కుర్చీలో మా వాడు కూర్చోవాలంటే మా వాడని అక్కడి రెండు పార్టీలూ అప్పటికే కొట్లాటకు దిగాయట. నువ్వు టీలో ముంచిన బన్ను అట్లాగే పట్టుకుని చూస్తుండిపోయావు. అది తెగి గ్లాసులో పడింది. "ఇదేందే లచ్చుమీ, శవం లేవకముందే కుర్చీ తగువా? ఒక్క పూటన్నా ఆగగూడదా?" అన్నావు.

మన ఢిల్లీ పెద్ద కోర్టులో కూడా ఖాళీలు నింపే దగ్గర సర్కారుకూ జడ్జీలకూ పడడం లేదని ఆ వెనకే చెప్పారు. బస్సు దిగేదాకా నీకదే ధ్యాస. "కుర్చీ కాళీగా ఉంటే దానిమీద కూర్చునేటోనికి ఏం నష్టం లేదే. దాని ముందర నిలబడినోళ్లకే నష్టం" అన్నావు. నేను నవ్వాను. అమెరికా గొడవ మనకెందుకయ్యా, కంది కోతకు మనుషుల్ని మాట్లాడావా లేదా అన్నాను.

నీ విషయంలో కూడా అచ్చం అదే జరిగింది, తెలుసా?

నిన్ను మార్కాపురం ఆసుపత్రి నుంచి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టాం. పై వీధి నుంచి ఓబులయ్య మామ వచ్చి, మా మనిషి పోయినాడని ఏడుస్తూ తమ పార్టీ కండువా నీ గుండెల మీద కప్పాడు. కాసేపటికి కింద వీధి నుంచి మరిది తిరుపతయ్య వచ్చి, మా అన్న మా పార్టీ అంటూ దానిమీద తమ కండువా కప్పాడు. దొంగ ఏడుపులు కావు, ఇద్దరూ నిజంగానే ఏడ్చారు. కానీ ఏడుస్తూనే ఒకరి కండువా ఒకరు పక్కకు లాగుతున్నారు! నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. రెండూ తీసి అవతల పెట్టి నీ గొంగడి కప్పాను. ఇంత ఎండలో గొంగడేందని ఎవరో గొణిగారు. గొణగనీ.

పాలకేంద్రం ముందు ప్రతి శుక్రవారం మీ ఐదుగురు పెద్దమనుషులు కూర్చునే పంచాయితీయే కదా మన ఊరికి పెద్ద కోర్టు. గిద్దలూరు కోర్టు దాకా తిరిగే ఓపిక లేనివాళ్లకు దాని పైన ఇంకోటి లేదు. పై వీధి నుంచి ఓబులయ్య మామా ఇంకొకరూ, కింద వీధి నుంచి తిరుపతయ్యా ఇంకొకరూ, నడుమ నువ్వు. నువ్వు ఎటువైపో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లు కాపురం చేసిన నాకే తెలియదు. ఓటేసి వచ్చాక అడిగితే, "ఓటు సంగతి అడగబాకు, తీర్పు సంగతి అడుగు, చెప్తా" అనేవాడివి.

నీ దినాలు అయిపోగానే నీ కుర్చీ మీద ఓబులయ్య మామ తువ్వాలు పడింది. ఆ తర్వాతి వారం దానిమీద తిరుపతయ్య తువ్వాలు. బస్సు కిటికీలోంచి సీటుకు తువ్వాలు వేస్తారే, అట్లా. నువ్వు ఏ పార్టీ వాడివైతే ఆ కుర్చీ ఆ పార్టీకే చెందాలని ఇద్దరి వాదనా. నువ్వేమో చెప్పకుండా పోయావు...

మధ్యలో నలిగిపోయింది చర్చి వెనక వీధి రూతమ్మ. సుబ్బరాయుడు చేనుకు కంచె వేసి బోరింగుకు పోయే బాట మూసేశాడని ఆమె నీ దగ్గరే కదా మొరపెట్టుకుంది? నువ్వు పోయి ఆ బాట చూసి వచ్చావు. వచ్చే శుక్రవారం తీర్పు చెబుతామన్నావు. ఆ శుక్రవారానికి నువ్వు లేవు.

సుబ్బరాయుడు పై వీధి వాడు గనక పై వీధి పెద్దలిద్దరూ కంచె ఉండాలన్నారు. వాళ్లు ఉండాలన్నారు గనక కింద వీధి పెద్దలిద్దరూ తీయాలన్నారు. రెండుకు రెండు. వాయిదా. మళ్లీ రెండుకు రెండు, మళ్లీ వాయిదా. రూతమ్మ పగలంతా కూలికి పోయి, వచ్చాక గుట్ట చుట్టూ తిరిగి నీళ్లు మోసుకునేది. ఆమె మోకాళ్ల సంగతి నీకు తెలుసు కదా? శుక్రవారం వచ్చి కింద కూర్చునేది, వాయిదా అనగానే కొంగు దులుపుకుని లేచేది. కుర్చీ ముందర నిలబడినోళ్లకే నష్టమన్న నీ మాట అప్పుడు అర్థమైంది నాకు. అంతవరకూ అర్థం కాలేదు.

పోయిన నెల ఓబులయ్య మామ ఇంటికి వచ్చాడు. "అమ్మా లచ్చుమీ, వాడు మా పార్టీయేనని పంచాయితీలో ఒక్క మాట చెప్పు, తగువు తీరిపోతాది" అన్నాడు. తెలియదనే చెబుదామనుకున్నాను. ఆ కండువాలు గుర్తొచ్చాయో ఏమో... ఆయన కింద వీధి పార్టీ మామా, ఎప్పుడూ వాళ్లకే వేశాడు అనేశాను.

మామ మొహం చూడాల్సింది! "మరి మా పంపకాల్లో బాయి నాకే రావాలని చెప్పినాడే? అవతల నా తమ్ముడు కింద వీధోడే గదా. వాళ్లోడై ఉండి నాకెట్ల చెప్పినాడు?" అన్నాడు. అది నాకేం తెలుసన్నాను. పెట్టిన టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే తిరుపతయ్య వచ్చాడు. ఒకసారి మొదలుపెట్టాక ఇంకేం మొహమాటం? నువ్వు పై వీధి పార్టీ అని చెప్పాను. అతను నమ్మలేదు. ఓబులయ్య మామ కందిచేను మేసింది తన జీవాలు కాదని తేల్చింది నువ్వేనట కదా. ఆలోచించి ఆలోచించి, "నేనైతే మా పార్టీవోనికి ఎదురు అట్ల చెప్పేటోణ్ణి కాదు వదినా" అన్నాడు. అప్పుడు మాత్రం నాకు జాలేసింది. నిజం చెప్పేద్దామా అనిపించింది. చెప్పలేదు.

ఆ శుక్రవారం నేనూ పోయి రూతమ్మ పక్కన కూర్చున్నాను. నీ కుర్చీ మీద తువ్వాళ్లు లేవు. ఎవరు ముందు తీశారో తెలియదు. సుబ్బరాయుడు ధీమాగా నిలబడి ఉన్నాడు. ఓబులయ్య మామ గొంతు సవరించుకుని, "బాట ఇడువు సుబ్బరాయుడా, కంచె అవతలికి జరుపుకో" అన్నాడు. "నువ్వు మనోడివే గదా మామా!" అని వాడు అరిచాడు. "మనోడివనే చెప్తాండా" అన్నాడు మామ. మామ బీడీ నోట్లో పెట్టుకుంటే తిరుపతయ్య అగ్గిపెట్టె అందించాడు.

అంతే, అన్ని నెలల వాయిదా అట్లా తెగిపోయింది. కుర్చీ తగువు మాత్రం తీరలేదు. ఇంకా ఖాళీగానే ఉంది. ఎన్నికలొస్తే మళ్లీ తువ్వాళ్లు పడతాయేమో, ఎవరు చెప్పగలరు?

మర్నాడు రూతమ్మ ఆ బాటన తెచ్చిన మొదటి బిందె మన ఇంట్లో దించింది. అన్న ఫొటో ముందర పెట్టు వదినా అంది. నేను పెట్టలేదు. ఫొటోలు నీళ్లు తాగుతాయా? చెంబుతో ముంచుకుని నేనే తాగాను. తాగుతూ ఏడ్చాను. నువ్వుంటే ఆమె ఇన్ని నెలలు గుట్ట చుట్టూ తిరిగేది కాదు కదయ్యా...

ఎప్పుడో ఒకరోజు ఓబులయ్య మామా తిరుపతయ్యా ఒకచోట కూర్చుని టీ తాగుతారు. నా రెండు అబద్ధాలూ ఎదురెదురు పడతాయి. పడనీ. ఇద్దరూ కలిసి నా మీదికి తగువుకు వస్తే అంతకన్నా కావాల్సిందేముంది?

ఇంతకీ నువ్వు ఎటువైపు? ఒకే ఆటోలో పోయి, ఓటేసి, ఒకే ఆటోలో తిరిగొచ్చేవాళ్లం. ఒక్కసారన్నా నోరు జారలేదే? నీ దగ్గరికి వచ్చాక మొట్టమొదట ఇదే అడగాలనుకున్నాను.

వద్దులే. అక్కడ కూడా చెప్పబాకు. నేనూ అడగను, మాటిస్తున్నా.

జీవాలు అరుస్తున్నాయి. పోయొస్తా.

నీ లచ్చుమి