ఖాజాబీకి పడని మందు

మంగళవారం, రాత్రి

నాకింకా ఒళ్లు మండుతోంది. మిర్చి యార్డులో తొడిమలు తీసే ఖాజాబీ జ్వరంతో మా వార్డులో చేరింది. ఆమె చీరకున్న ఘాటుకు ముక్కు మూసుకుని, మా సీనియర్ సిస్టర్ ఒక్క మాటా అడక్కుండానే ఇంజెక్షన్ చేయబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"అమ్మా, నీకు పడని మందేమైనా ఉందా?"

"పెన్సిలిన్ పడదమ్మా. పోయినేడు అది వేస్తే ఊపిరాడక చచ్చి బతికాను."

సిరంజిలో ఉన్నది అదే.

"నోరు లేదా? ముందే చెప్పొద్దూ!" అని సిస్టర్ ఆమె మీదే అరిచింది.

"తప్పు నాదేనమ్మా," అంటూ ఖాజాబీ చేతులు జోడించింది. సిస్టర్‌కి సిగ్గయినా వేయలేదు. డాక్టరుగారితో చెప్పి మందు మార్పించాను.

రేపు నాకు సెలవు. వార్డులో ఆ సిస్టరే ఉంటుంది. కొత్తగా చేరేవాళ్లను ఎవరడుగుతారో...